పదకొండో నంబరు

వాతావరణం చెబుతున్నావిడ చెయ్యి
టాస్మానియా మీదే ఆగిపోయింది.
గొంతు మాత్రం టుమారోలో మొదటి అక్షరం పట్టుకుని
టు టు టు టు
దారం తెగిన కుట్టుమిషనులా ఒకేచోట కొట్టుకుంటోంది.

నెలరోజులుగా ఇదే వరస.
బొమ్మ నడిస్తే మాట ఉండదు,
మాట వస్తే బొమ్మ బిగుసుకుంటుంది.

బల్లారట్‌లో జులై చలి.
నైట్ షిఫ్టు లేని ఒకే ఒక్క శుక్రవారం
హీటరు ముందు చాప మీద
కంప్యూటరు పొట్ట విప్పుకుని కూర్చున్నాను.
టీవీ కార్డు సెకండ్ హ్యాండ్‌ది, నలభై డాలర్లు.
సౌండు కార్డు మా ల్యాబ్‌లో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నది.
నీలం తెర మీద పట్టిక చూస్తే
రెండింటికీ ఒకటే నంబరు, పదకొండు.

ఒకే కాలింగ్ బెల్లుకి రెండు గుమ్మాల తీగలు కలిపినట్టు.
గంట మోగుతుంది. లోపలున్నది చేస్తున్న పని వదిలి
పరుగున వచ్చి ఎవరదీ అంటుంది.
ఇద్దరూ ఉలకరు, పలకరు.
వెనక్కి వెళ్ళి కూర్చోబోతుంది,
మళ్ళీ గంట.

ఒక ఒరలో రెండు కత్తులంటారు గానీ
కత్తులకి తొందరేముంది? తుప్పు పట్టేదాకా ఆగగలవు.
ఇవి ఆకలేసిన నోళ్ళు.
క్షణంలో వందో వంతు ఆలస్యమైతే
ముద్ద నేలపాలు.

వాడని సీరియల్ పోర్టు మూసేశాను.
మోడెమ్ పీకేశాను.
డ్రైవరు తీసి మళ్ళీ వేశాను, పాతది వేశాను, అంతకంటే పాతది వేశాను.
ప్రింటరు పోర్టు కూడా మూసేశాను, పాపం దాని తప్పేమీ లేకుండానే.
టు టు టు టు.

పక్కింటి డెస్మండ్ వచ్చాడు
పులిహోర గిన్నె తిరిగివ్వడానికి,
ఖాళీగా ఇవ్వడం ఇష్టంలేక ఆరు నిమ్మకాయలతో.
ముప్పై ఏడేళ్ళు రైల్వే సిగ్నల్ కేబిన్‌లో చేసినవాడు.
గుమ్మంలోనే నిలబడి నా గోడంతా విని అన్నాడు:
"సింగిల్ లైనుకి ఒక కర్ర ఉండేది మాకు.
అది చేతికందందే ఏ డ్రైవరూ స్టేషను దాటడు.
నీ పెట్టెలో కర్ర ఎవరి దగ్గరుంది?"

తీసుకున్నవాడు తిరిగివ్వడం లేదన్నాను.

"అలాంటివాడు మా దగ్గరా ఒకడుండేవాడు.
కర్ర చంకలో పెట్టుకునే ఇంటికెళ్ళి పడుకున్నాడు.
గోధుమల బండి తెల్లారేదాకా పొలాల మధ్య నిలబడిపోయింది."
కాసేపాగి, "వాడికి ఏం చెప్పినా దండగే.
లైను మార్చారు" అన్నాడు.

టార్చి అతను పట్టుకున్నాడు.
చెయ్యి వణుకుతుంటే వెలుగూ వణికింది.
అయిదో గాడిలోంచి టీవీ కార్డు ఊడబెరికి
దుమ్ము ఊది
మూడో గాడిలో నొక్కాను. టక్కుమంది.

తొమ్మిది.
పదకొండు పక్కన ఒక్క పేరే మిగిలింది.

ఆవిడ చెయ్యి టాస్మానియా దాటి సముద్రంలోకి జరిగింది.
రేపు మంచు, ఎల్లుండి కూడా మంచే,
మాట పెదవిని తప్పకుండా వస్తోంది.
ఎన్నాళ్ళయిందో ఒక వాక్యం చివరిదాకా విని.

ఇంటరప్ట్‌కి నిఘంటువు అంతరాయం అంటుంది.
నాకు ఆ మాట సగమే నచ్చింది.
ఎవరూ అడ్డుపడకపోతే ఈ పెట్టెకి
నేను మీట నొక్కిన సంగతే తెలియదు.
కళ్ళు తెరుచుకుని, ఏదో లెక్క వేసుకుంటూ
అలాగే ఉండిపోతుంది.

డెస్మండ్ వెళుతూ అడిగాడు,
పనిలో ఉండగా వచ్చి చెడగొట్టలేదు కదా అని.

ప్రింటరు ఇప్పుడు పలకదు.
రేపటి డ్యూటీ కాగితం చేత్తో రాసుకోవాలి.
మూత బిగించాక చాప మీద
ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో తెలియలేదు.
నిమ్మకాయల గిన్నెలో వేశాను.